ఎర్తు కోసిన పిన్ను

ఆ రోజు నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని దాసు సౌండు సర్వీసుకు కొత్త స్పీకరు డబ్బాలు వచ్చాయి. అమ్మినవాడు ఎంత పొగిడినా దాసు ఒక పట్టాన నమ్మే మనిషి కాదు. ముందు భజన పెడతాడు, తర్వాత పెళ్లి ఊరేగింపు బరాత్ పాట, చివరికి చెవులు చిల్లులు పడే ఇంగ్లీషు పాట. మూడింటినీ తట్టుకున్న డబ్బాకే అతని లారీలో చోటు. 2003 నాటికి నిజామాబాద్‌లో పెళ్లిళ్లకూ సభలకూ మైకులు పెట్టేవాళ్లు డజను మంది ఉన్నా, "దాసు సెట్టు మధ్యల ఆగది" అన్న పేరు అతనొక్కడికే ఉండేది.

ఇంగ్లీషు పాట వెతికి తెచ్చే పని మెకానిక్కు అయ్యూబ్‌ది. బస్టాండు ముందు కొన్న ఎంపీత్రీ సీడీ ఒకటి ప్లేయరులో పెట్టి, "ఇను అన్నా, సత్తు గిన్నెల దుకాణం మీదికి లారీ ఎక్కినట్టున్నది" అంటూ మీట నొక్కాడు.

రెండు గిటార్లు ఒక్కసారిగా అందుకున్నాయి. దాసు చేతిలో చాయ్ గ్లాసు ఉంది. గ్లాసు పట్టుకున్న చేతి వేళ్లు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. ఏడు, ఏడు, ఏడు, ఐదు. మళ్లీ ఏడు. తర్వాత ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తిరగబడుతుందో వేళ్లకు ముందే తెలుసు. పన్నెండేళ్ల కింద విన్న క్యాసెట్టు అది. అతను గ్లాసు కింద పెట్టేలోపు, ఆ గిటార్ల మధ్యలోంచి ఎవడో మగమనిషి గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టాడు.

"ఆపు! ఎవడు వాడు?"

"ఎవడేంది అన్నా? పాట పాడేటోడు."

"గీ పాటల పాడేటోడు లేడు. ఎవడో నడిమిట్ల కలిపిండు."

అయ్యూబ్ పకపకా నవ్వాడు. "వారెవ్వా! గొంతు మీద కాలేసి తొక్కినట్టు వాడు మొత్తుకుంటుంటే లేడంటవేంది? సీడీ కవర్ల ఫోటో సుత ఉన్నది. సూడు, వీడే."

దాసు ఫోటో చూడలేదు. "మొదటి నుంచి పెట్టు" అన్నాడు. ఆ క్యాసెట్టులోని తొమ్మిది పాటలూ నిలబడే విన్నాడు. ప్రతి పాటలోనూ పాడేవాడున్నాడు. నాలుగో పాట మధ్యలో తనకు వట్టి గిటారు కొట్టుడుగా గుర్తున్న చోట, మూడో గిటారు ఒకటి పైకి లేచి నలభై సెకన్ల పాటు వడగళ్లలా కురిసింది. ఆ గిటారును అతను పుట్టిన తర్వాత మొదటిసారి వినడం. చాయ్ మీద మీగడ కట్టింది.

దాసుది బోధన్. తండ్రి పోశయ్య చెరకు కొట్టే కూలీ; ఆదివారాలు మెథడిస్టు చర్చిలో గంట కొట్టేవాడు. ఆ చర్చిలోని పాత గిటారు మీదే దాసుకు చెయ్యి తిరిగింది. 1991లో, అతనికి ఇరవై ఏళ్లప్పుడు, షుగర్ ఫ్యాక్టరీ కెమిస్టు గారి మేనల్లుడు సికింద్రాబాదు నుంచి సెలవులకు వచ్చి అతని వాయింపు విన్నాడు. ఆ పిల్లవాడికి నలుగురు దోస్తులతో ఒక బ్యాండు ఉంది. గిటారు వాయించేవాడు దుబాయి పోతున్నాడు. సెలవులయ్యి తిరిగి పోతూ మేనల్లుడు దాసు చేతిలో ఒక క్యాసెట్టు పెట్టాడు. కవరు మీద పళ్ల చక్రాల నడుమ ఇరుక్కున్న మనిషి ముఖం బొమ్మ. దీన్ని థ్రాష్ మెటల్ అంటారని చెప్పాడు. ఊరికే జోరు కాదు, లోపల లెక్క ఉంటుంది; ఒక్క అంకె తప్పితే అందరూ గోతిలో పడతారన్నాడు. మూడు నెలల్లో ఇది నేర్చుకుని రాగలిగితే ఆ చోటు దాసుదే.

దాసు ఇంట్లో టేపురికార్డరు లేదు. ఉన్నది దేవిదాస్ దగ్గర. నిజామాబాద్ బజారులో మేడ మీద రికార్డింగ్ సెంటరు నడుపుతూ, పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రా కూడా నడిపేవాడు దేవిదాస్. అందరూ మాస్టర్ అనేవారు. దాసు అప్పటికే ఆ ఆర్కెస్ట్రాలో గిటారు. మాస్టరుకు ఒక పద్ధతి ఉండేది: తన సామాన్లు వేరేవాళ్ల సామాన్లలో కలిసిపోకుండా ప్రతి వైరుకూ పసుపు టేపు చుట్టేవాడు.

క్యాసెట్టు చూసి మాస్టర్ చాలా సంబరపడ్డాడు. "ఎంత అదృష్టంరా దాసూ! ఇది ఖరాబు ప్లేయర్ల పెడితే టేపు నమిలేస్తది. ఈడనే ఉంచు. ఆదివారం ఆదివారం వచ్చి ఇను. కాకపోతే స్పీకర్ల పెట్టకు, గిరాకీ పారిపోతది. ఇగో, హెడ్‌ఫోన్ పెట్టుకో."

పన్నెండు ఆదివారాలు దాసు చర్చి నుంచి నేరుగా బస్సెక్కి బోధన్ నుంచి నిజామాబాద్ వచ్చాడు. మేడ మీద మూల స్టూలు మీద కూర్చుని గంట సేపు వినేవాడు. రెండు చెవుల్లోనూ కలగలిసిన రెండు గిటార్లు, అంచుల్లో ఎక్కడో తాళాల చప్పుడు, బావి అడుగున ఎవరో మూలిగినట్టు సన్నటి నీడ. అంతే. నోటితో పాడేది ఒక్క ముక్క లేదు. మాటలు లేని సంగీతం కూడా ఇంత మాట్లాడుతుందా అనుకున్నాడు. తిరుగు బస్సులో ముందు సీటు కమ్మీ మీద వేళ్లతో ఏడు, ఏడు, ఏడు, ఐదు లెక్కపెట్టుకునేవాడు. ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరిన చెరకు బండ్ల పక్కన, మడ్డి వాసనలో, ఎడ్లు బెదిరేలా వాయించాడు. బండివాళ్లు తిట్టినా ఆపలేదు.

సికింద్రాబాదులో ఒక కారు షెడ్డులో పరీక్ష పెట్టారు. టేపు పెట్టలేదు, నలుగురూ వాయిస్తూ, నువ్వూ కలువు అన్నారు. దాసు రెండు గిటార్ల భాగాలూ కలిపి తప్పు లేకుండా ఎత్తుకున్నాడు. అంతలో డోలు మీద ఎన్నడూ వినని దెబ్బలు పడ్డాయి. ఒకడు మైకులో అరవడం మొదలుపెట్టాడు. దాసు ఆగిపోయాడు.

"ఏమైంది? సోలో నీదే కదా, నాలుగోదాంట్లో సోలో ఎత్తుకో" అన్నారు.

"ఇందులో సోలో లేదు. పాడుడు సుత లేదు" అన్నాడు దాసు.

వాళ్లు షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. క్యాసెట్టు మొహం కూడా చూడకుండా వచ్చాడు, అబద్ధం కూడా సరిగ్గా ఆడడం రాదన్నారు. కెమిస్టు గారి మేనల్లుడు తల ఎత్తలేదు. బస్టాండు దాకా తోడు కూడా రాలేదు.

తిరిగొచ్చి మాస్టరుకు చెప్పుకుంటే ఆయన బల్ల గుద్దాడు. "నాకు తెల్వదారా వాళ్ల సంగతి! వాళ్ల మనిషిని ముందే పెట్టుకున్నరు. నీకు ఒక క్యాసెట్టు ఇచ్చి, ఆడ ఇంకోటి వాయించిండ్రు. బోధన్ పోరడంటే లోకువ. గా దొంగల క్యాసెట్టు మీద నేను భజన ఎక్కించి పారేసిన. నువ్వు నా కాడ ఉండు." ఆ రోజు ఆయన తెప్పించిన చాయ్ దాసుకు అమృతంలా అనిపించింది.

ఉన్నాడు. ఆరేళ్లు ఉన్నాడు. మాస్టరు పాటల కింద మూడు తంత్రుల మీద టింగుటింగుమంటూ ఆరు పెళ్లిళ్ల సీజన్లు గడిపాడు. శారమ్మతో తన పెళ్లిలో మాస్టరు పాడితే ఆయన కాళ్లకు మొక్కాడు. సికింద్రాబాదు వాళ్ల మీద పగతో పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా హైదరాబాదు సభ ఒప్పుకోలేదు. తొంభై ఏడులో మాస్టరు రికార్డింగ్ సెంటరు మూసి ఫంక్షన్ హాలు కట్టుకున్నప్పుడు, గుర్తుగా ఉంచుకొమ్మని ఆ పాత హెడ్‌ఫోన్ ఇచ్చాడు. దాసు దాన్ని తను కొత్తగా పెట్టుకున్న సౌండు దుకాణంలో యేసుప్రభువు క్యాలెండరు పక్కన మేకుకు తగిలించాడు. గురువు ఇచ్చిందని ఎవరినీ ముట్టనివ్వలేదు, తనూ వాడలేదు.

ఇప్పుడు తొమ్మిదో పాట అయిపోయాక దాసు నడిచి వెళ్లి ఆ మేకు మీది హెడ్‌ఫోన్ తీశాడు. పిన్ను ప్లేయరుకు పెట్టి చెవులకు తగిలించుకున్నాడు. పాడేవాడు మాయం. మూడో గిటారు మాయం. రెండు గిటార్లు, తాళాలు, బావి అడుగున మూలుగు. 1991 యథాతథంగా దిగింది.

ఈ రోగం ఏమిటో సౌండు పనిలో ఉన్న ఎవడికైనా తెలుసు. హెడ్‌ఫోన్‌కు మూడు వైర్లు: చెవికొకటి, రెంటికీ కలిపి ఎర్తు. ఎర్తు తెగితే రెండు వైపులా ఒకేలా వచ్చేది ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, వేర్వేరుగా వచ్చేది మిగులుతుంది. పాడేవాడి గొంతునూ సోలో గిటారునూ రికార్డింగులో మామూలుగా నడిమధ్యన, అంటే రెండు వైపులా సమంగా పెడతారు, అందుకని ముందు పోయేవి అవే. ఆర్కెస్ట్రాలో కొత్త పాటగాళ్ల సాధన కోసం మాస్టరు గొంతు తీసేసిన క్యాసెట్లు తయారు చేసేవాడు. ఎలా చేస్తాడో ఎవరికీ చెప్పేవాడు కాదు.

వైరు దానంతటదే తెగి ఉండొచ్చు. ఆ అవకాశం మాస్టరుకు ఇవ్వకుండా దాసు ముందుకు పోలేదు. పిన్ను మీది తొడుగు మరలు తిప్పి తీశాడు. రెండు వైర్లు టంకంతో గట్టిగా ఉన్నాయి. మూడోది కట్టరుతో నున్నగా కోసి ఉంది. కోసిన కొన వెనక్కి మడిచి ఉంది. దాని మీద, గోరంత ముక్క, పసుపు టేపు.

అయ్యూబ్ వంగి చూశాడు. "తెగిన వైరు తనకు తనే టేపు సుట్టుకోదు అన్నా" అన్నాడు మెల్లగా.

"సుట్టుకోదు" అన్నాడు దాసు. తొడుగు మళ్లీ బిగించాడు.

రాత్రి దాకా ఆగకుండా ఇంటికి పోయి శారమ్మకు అంతా చెప్పాడు. శారమ్మ బియ్యం ఏరుతూ విన్నది. "గా మనిషిని మన పెండ్లికి కాళ్లు మొక్కి పిలుసుకుంటివి" అన్నది చివరికి. "ఇంటికి పోయి మొఖం మీద అడుగుతవా?"

"అడిగితే ఏమైతది? తెల్వదంటడు. నేను పిచ్చోనిలెక్క తిరిగొస్త."

"మరి?"

"సూస్త."

చూడడానికి ఎన్నో రోజులు పట్టలేదు. పదిహేను రోజులకు మాస్టరే కారు దిగి దుకాణంలోకి వచ్చాడు. జుట్టుకు రంగు, మెడలో జరీ కండువా. ఆయన పాట మొదలుపెట్టి ముప్పై ఏళ్లట, బోధన్‌లో పెద్ద సన్మానం పెట్టుకున్నారట. వచ్చే శుక్రవారం సాయంత్రం. అయ్యూబ్‌ను చాయ్‌కు పంపించి, దాసు చెవి దగ్గరికి వంగాడు.

"దాసూ, నువ్వు నా బిడ్డ అసుంటోనివి కాబట్టి చెప్తున్న. దమ్ము చాలుత లేదురా. డాక్టరు పాడొద్దన్నడు. హైదరాబాదుల లైను లైనుకు ఆపుకుంట పది పాటలు రికార్డు చేయించిన. నువ్వు సీడీ ఏసెయ్యి. నేను ముంగట నిలబడి నోరు కదుపుత. నా మైకు బందు పెట్టు. ఇది నీకు నాకు తప్ప మూడో మనిషికి తెల్వొద్దు."

"తెల్వదు మాస్టర్" అన్నాడు దాసు.

"నాకు తెలుసురా. నమ్మకమంటే నువ్వే."

పోతూ పోతూ మేకు వైపు చూశాడు. "అరే, ఇంకా దాసుకున్నవా దీన్ని!" అని దాసు భుజం తట్టాడు. ఆ తట్టడంతో, ఆయన ఎప్పుడైనా బాధపడి ఉంటాడేమో అని దాసుకు మిగిలిన ఒక్క సందేహమూ పోయింది. చేసిన పని ఆయనకు గుర్తు కూడా లేదు.

దాసు అటూ ఇటూ తూచి చూసుకున్నాడు. మాస్టరు హాలు నుంచి వచ్చే పెళ్లిళ్లే అతని సీజనులో సగం. అవి పోతాయి. పోనీ అనుకున్నాడు. కానీ గిరాకీ ఇచ్చిన మనిషి గుట్టుగా చెప్పిన మాటను బజారున పడేయడం చిన్న విషయం కాదు. అది తెలిస్తే ఇంకెవరూ అతనికి గుట్టు చెప్పరు. ఇక్కడే రెండు రోజులు ఆగిపోయాడు. ఆ ముడి విప్పింది శారమ్మ.

"నువ్వు నోరు ఇప్పకు. ఆయన నోరే ఇప్పనియ్యి" అన్నది. "ఇంకోటి. సెట్టు ఖరాబైందని ఎవలు అనొద్దు. గంతే సూసుకో."

శుక్రవారం మధ్యాహ్నానికే లారీ బోధన్ చేరింది. దాసు హెడ్‌ఫోన్ నుంచి చెవుల డొప్పలు కత్తిరించి, ఆ పాత పిన్నును సీడీ ప్లేయరు ముందున్న రంధ్రంలో పెట్టాడు. దాని రెండు మంచి వైర్లను మిక్సరులో ఒక మీటకు ఎక్కించాడు. ప్లేయరు వెనక నుంచి వచ్చే మామూలు వైరును ఇంకో మీటకు. ఒకే పాట, రెండు దారులు. రెండో మీట కిందికి దించుతూ మొదటిది పైకి తెస్తే, పాట ఎక్కడా తెగదు. గొంతొక్కటే పోతుంది.

"ఖుదా కసం, నీతోని దుష్మనీ పెట్టుకోవద్దన్నా" అన్నాడు అయ్యూబ్ పక్కన నిలబడి.

"వైర్లు సూడు" అన్నాడు దాసు.

పొద్దు వాలేసరికి మైదానం నిండింది. సన్మానపత్రం చదివిన పంతులు గొంతు చివరి వరుస దాకా గంటలా వినబడింది. కావాలనే దాసు ఆయనకు అన్నిటికన్నా మంచి మైకు ఇచ్చాడు. తర్వాత మాస్టరు లేచాడు. మొదటి పాటకు చప్పట్లు, రెండో పాటకు ఈలలు. అరవైకి దగ్గరపడుతున్న మనిషి గొంతు పాతికేళ్లవాడిలా ఉందని ముందు వరుసలో ఎవరో పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. మాస్టరు చేయి ఛాతీ మీద పెట్టుకుని కళ్లు మూసుకుని నోరు కదిపాడు.

మూడో పాట మొదటి చరణం మీద దాసు రెండు మీటల మీదా రెండు వేళ్లు పెట్టాడు. బస్సు కమ్మీ మీద పెట్టినట్టే. ఏడు, ఏడు, ఏడు, ఐదు. ఐదో దెబ్బకు ఒకటి దించి ఒకటి ఎత్తాడు.

వేణువు సాగింది. వయొలిన్లు సాగాయి. మాస్టరు నోరు సాగింది. పాట లేదు. బావి అడుగున మూలిగినట్టు ఒక నీడ మాత్రం వినబడింది. కళ్లు మూసుకుని ఉన్న మాస్టరుకు వెంటనే అర్థం కాలేదు. రెండు లైన్ల పాటు చేయి తిప్పుతూ, తల ఊపుతూ, బోలు నోటితో రాగం తీశాడు.

"మాస్టరూ, గొంతు నిజామాబాద్‌ల మర్సిపోయినవా?" అని వెనక నుంచి ఎవడో అరిచాడు.

"మాట్లాడకుర్రి, మౌనవ్రతం సారుది!" అన్నాడు ఇంకొకడు.

నవ్వు వెనక వరుసలో పుట్టి ముందు వరుస దాకా వచ్చింది. కళ్లు తుడుచుకున్న పెద్దాయన కండువా కింద పెట్టాడు. మాస్టరు కళ్లు తెరిచాడు. దాసు వైపు తిరిగి, మైకు చూపించి, ఎత్తు ఎత్తు అని చేత్తో సైగ చేశాడు.

దాసు ఎత్తాడు. చివరి దాకా ఎత్తాడు. పాత పెళ్లిళ్లలో ఆయన ఎప్పుడు అడిగినా ఎత్తినట్టే ఎత్తాడు. మాస్టరు నిజంగానే పాడబోతే బయటికొచ్చినవి ఊపిరి కొసలు, గొంతులో గరగర, శ్రుతికి అందక జారిపోయిన ఒక్క లైను, దాని మీద దగ్గు. నాలుగు దిక్కులా ఉన్న ఎనిమిది డబ్బాల్లోంచి ఆ దగ్గు చెరకు తోటల దాకా పోయింది. సెట్టులో ఏ లోపమూ లేదని ఆ మైదానంలో ప్రతి ఒక్కడికీ తెలిసింది.

స్టేజీ వెనక పరదా చాటున మాస్టరు కుర్చీలో కూలబడి ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లను పంపించేశాడు. "ఏమైందిరా దాసూ? ఏం ఖరాబైంది?"

దాసు పిన్ను తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాడు. తొడుగు తీసే ఉంది.

"ఏందిది?"

"తొంభై ఒకటి. మేడ మీద మూల స్టూలు. పన్నెండు ఆదివారాలు. చక్రాల నడుమ మొఖం బొమ్మ ఉన్న క్యాసెట్టు."

మాస్టరు చాలాసేపు పసుపు టేపు ముక్క వైపు చూశాడు. గుర్తుకు రావడం ఆయన ముఖంలో దాసుకు కనబడింది. ఆ చూపు కోసమే అతను వచ్చాడు.

"గదా..." అన్నాడు మాస్టరు. గొంతులో సిగ్గు లేదు, అలసట ఉంది. "నువ్వు పోతే పెండ్లిళ్ల సీజన్ల గిటారుకు ఎవలుండె చెప్పు? ఆర్కెస్ట్రా బందు పెట్టుకోమంటవా? నిన్ను ఎల్లగొట్టలే గదా, ఆరేండ్లు కడుపుల పెట్టుకొని సాదిన. గా దానికి ఇంత పగనారా? ఇంతమంది ముంగట నా గొంతు కోస్తవా?"

"నేనేం కొయ్యలేదు మాస్టర్" అన్నాడు దాసు. "నువ్వు కోసిన పిన్నే పెట్టిన."

పరదా దాటి బయటికొచ్చి, అయ్యూబ్‌తో కలిసి డబ్బాలు లారీకి ఎక్కించాడు. మాస్టరు ఇచ్చిన అడ్వాన్సు కవరు పంతులు చేతిలో పెట్టి, మాస్టరుకు ఇచ్చేయమన్నాడు.

మరుసటి వారం హాలు నుంచి రావలసిన రెండు పెళ్లిళ్లు వేరేవాడికి పోయాయి. దాసు అడగడానికి పోలేదు. ఒక మధ్యాహ్నం దుకాణంలో హెడ్‌ఫోన్ తగిలించిన ఆ ఖాళీ మేకును పీకేసి, చర్చి నుంచి తెచ్చిన గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. అయ్యూబ్ సీడీ పెట్టాడు. కొత్త డబ్బాల్లో పాడేవాడు అరిచాడు. దాసుకు ఆ గొంతు ఇంకా నచ్చలేదు. తన ఇంట్లోకి చెప్పకుండా వచ్చినవాడిలాగే ఉన్నాడు.

నాలుగో పాట వచ్చింది. దాసు చేతులు తమ దారి పట్టాయి. పన్నెండేళ్లయినా ఒక్క అంకె తప్పలేదు. ఆ మూడో గిటారు లేచే చోట అతను వేళ్లను పై తంత్రులకు జరిపి అందుకోబోయాడు. వేళ్లు తిరగలేదు. డబ్బాలు మోసీ వైర్లు లాగీ మొద్దుబారిన వేళ్లు. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ అందలేదు.

"దిల్ ఠండా అయిందా అన్నా?" అడిగాడు అయ్యూబ్.

"ఆయన బాకీ తీరింది" అన్నాడు దాసు. "ఇది మిగిలింది. ఇంకోపారి పెట్టు."

అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. అయ్యూబ్ నంబరు చూశాడు. "హాలు నుంచి. కొత్తగ పెట్టుకున్నోని సెట్టు ఆగిపోయినట్టున్నది. ఎత్తాల్నా?"

డబ్బాల్లో నాలుగో పాట మొదలైంది. దాసు తల ఎత్తకుండా, ఎడమచేతి వేళ్లను ఒక్కొక్కటిగా తంత్రుల మీద పేర్చుకున్నాడు.

"మోగనియ్యి" అన్నాడు.